బొలెరోకీ బోటుకీ కలిపి ఒకే జీపీఎస్ సరిపోతుందా?

ఉప్పాడ_ఫైబర్:

అన్నలూ, ఒక విషయంలో సలహా కావాలి. మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. నాన్న, చిన్నాన్న కలిసి ఫైబర్ బోటు మీద వేటకి వెళ్తారు. నేను బొలెరో పికప్ తోలుతాను, రేవులో దిగిన సరుకుకి ఐసు వేసుకుని రాజమండ్రి, విజయవాడ, గిరాకీ ఉన్నప్పుడు హైదరాబాద్ దాకా వెళ్తుంటాను.

బోటులో ఉన్నది బాగా పాతబడిన చేతి జీపీఎస్. స్క్రీన్ మీద నిలువు గీతలు వచ్చేశాయి, బటన్ల మీద రబ్బరు ఊడిపోయింది, బ్యాటరీ మూత ఇన్సులేషన్ టేపుతో నిలబడి ఉంది. అయినా నాన్న దాన్ని పక్కన పెట్టనివ్వరు. వల చిక్కుకునే రాళ్ళు, మునిగిపోయిన బోటు పడి ఉన్న చోటు, వంజరం తగిలే చోట్లు, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వచ్చే దారి, అన్నీ అందులోనే గుర్తు పెట్టి ఉన్నాయి.

జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. ఈలోపు అక్క, బావ అమెరికా నుంచి వస్తున్నారు, ఏ మోడల్ కావాలో చెప్పు పట్టుకొస్తానని బావ అడుగుతున్నారు. నా ఆలోచన ఏంటంటే బోటు ఒడ్డున ఉన్నప్పుడు బండిలో పెట్టుకునేట్టు, వేటకి వెళ్ళేటప్పుడు నాన్న తీసుకెళ్ళేట్టు ఒకటే మంచిది తెప్పించుకుంటే డబ్బు వృథా కాదు కదా అని. 40 వేల వరకు పెట్టగలం. ఆపద వస్తే శాటిలైట్ నుంచి మెసేజ్ పంపే రకం కూడా ఉందంట, అది దొరికితే ఇంకా మంచిది అనిపిస్తోంది, పోయిన తుపానుకి నాన్న వాళ్ళు ఆలస్యంగా వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. వాడుతున్న వాళ్ళు ఎవరైనా చెప్పండి.

హార్బర్_ఎలక్ట్రికల్ (విశాఖ):

తమ్ముడూ, నేను ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి జీపీఎస్, వైర్‌లెస్ సెట్, ఫిష్ ఫైండర్ బిగించే పనిలో ఉన్నాను. రెండింటికీ కలిపి ఒకటి కొనకు. ఉన్న డబ్బంతా బోటుకి పెట్టు, బండికి నీ చేతిలో ఉన్న ఫోన్ చాలు.

ఎందుకో చెప్తా. రోడ్డు మీద దారి మ్యాపులోనే ఉంటుంది, కారు జీపీఎస్ చేసేదల్లా నిన్ను ఆ గీత మీద ఉంచి ఎక్కడ తిరగాలో చెప్పడమే. నువ్వు రోడ్డుకి కొంచెం పక్కన ఉన్నా లాక్కెళ్ళి రోడ్డు మీదే చూపిస్తుంది, దాన్ని తయారు చేసిందే అలా. దాన్ని సముద్రంలోకి తీసుకెళ్తే స్క్రీన్ అంతా నీలం, మధ్యలో బాణం, ఇంకేమీ ఉండదు. లోతు చూపించదు, నీ పాయింటుకి ఏ డిగ్రీలో పోవాలో, గీత నుంచి ఎంత పక్కకి కొట్టుకుపోయావో, లంగరు వేసి పడుకుంటే బోటు జారుతోందో లేదో చెప్పదు. మనిషి నీళ్ళలో పడితే ఒక్క బటన్‌తో ఆ చోటు పట్టి ఉంచే సదుపాయం సముద్రపు జీపీఎస్‌లో ఉంటుంది, కారు దాంట్లో ఉండదు. రాత్రి పూట చిన్నాన్న పట్టు తప్పి పడితే నాన్నకి కావాల్సింది ఆ బటన్, ఇంకేదీ కాదు.

ఇంకో సంగతి, మీ వైపు మరీ ముఖ్యం. గోదావరి మొగల దగ్గర, హోప్ ఐలాండ్ చుట్టుపక్కల వరద వచ్చిన ప్రతిసారీ ఇసుక మేటలు జరుగుతాయి. చార్టులో, అంటే సముద్రపు లోతుల మ్యాపులో, మూడు బారల లోతు రాసి ఉన్న చోట ఇప్పుడు పాటు మీద, అంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, మోకాలి లోతు కూడా ఉండకపోవచ్చు. అందుకని అక్కడ నమ్మాల్సింది కొన్న చార్టుని కాదు, నాన్న బోటు నిన్నా మొన్నా పోటు మీద దాటి వచ్చిన ట్రాక్‌ని. మంచి జీపీఎస్ అంటే మా దగ్గర అర్థం అదే: మన ట్రాకులు, మన పాయింట్లు పోకుండా దాచి, అడిగిన వెంటనే వెనక్కి అదే గీత మీద తీసుకొచ్చేది. దాని తర్వాతే రంగులు, టచ్ స్క్రీన్, మిగతావన్నీ.

మీది చిన్న ఫైబర్ బోటు కాబట్టి బిగించే పెద్ద స్క్రీన్ కంటే చేతి రకమే మేలు. పైన కప్పు ఉండదు, కెరటం నేరుగా వచ్చి మీద పడుతుంది. ఐపీఎక్స్7 అని రాసి ఉండాలి, అంటే 1 మీటరు నీళ్ళలో 30 నిమిషాలు ఉన్నా లోపలికి నీరు పోకూడదు. నీళ్ళలో పడితే తేలాలి, ఇది కచ్చితంగా చూసుకో, నీళ్ళు పోని జీపీఎస్‌లన్నీ తేలవు. పెన్సిల్ సెల్స్‌తో నడవాలి, ఎందుకంటే మీ బోటులో లైటు కోసం ఒక 12 వోల్టుల బ్యాటరీ ఉంటే ఎక్కువ, అది దిగిపోతే జీపీఎస్ కూడా పోకూడదు. కొత్త సెల్స్ ఒక జత పాలిథిన్‌లో చుట్టి లైఫ్ జాకెట్ జేబులో ఉంచమను. బటన్లు ఉండాలి, తడి చేత్తో, చేపల జిగురుతో టచ్ స్క్రీన్ పని చెయ్యదు.

వీటన్నిటికీ సరిపోయేవి గార్మిన్ కంపెనీలో జీపీఎస్‌మ్యాప్ 78, ఆ తర్వాత వచ్చిన 79 రకాలు. 79ఎస్‌లో రెండు సెల్స్ మీద 19 గంటల దాకా వస్తుందని కంపెనీ లెక్క, స్క్రీన్ లైటు ఎక్కువ పెడితే అంత రాదు.

బెజవాడ_డ్రైవర్:

బండి సంగతి నేను చెప్తా బ్రో. నాది కూడా పికప్పే, కూరగాయల లోడు. కారు జీపీఎస్ డబ్బా విడిగా కొనే రోజులు ఎప్పుడో పోయాయి. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ పెట్టుకో, బయలుదేరే ముందు వై-ఫై ఉన్నప్పుడు నీ రూట్ ఏరియా ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, సిగ్నల్ పోయినా దారి చూపిస్తూనే ఉంటుంది. శాటిలైట్‌ని పట్టుకోవడానికి ఫోన్‌కి టవర్ అక్కర్లేదు, చాలామందికి ఈ సంగతి తెలీక డేటా అయిపోతే మ్యాప్ కూడా పోయిందనుకుంటారు. ట్రాఫిక్ మాత్రం డేటా ఉంటేనే తెలుస్తుంది, ఐసు లోడుతో వెళ్ళేవాడికి అదే కదా ప్రాణం. మ్యాప్‌మైఇండియా వాళ్ళ మ్యాపుల్స్ యాప్ కూడా పెట్టుకో, ఊరి లోపలి సందులకి పనికొస్తుంది.

ఫోన్ స్టాండ్ మాత్రం అద్దానికి కాకుండా ఏసీ గాలి తగిలే చోట పెట్టు, మే నెల ఎండకి ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది.

గాల్వెస్టన్_తీరం:

ఉప్పాడ తమ్ముడికి, నేను టెక్సాస్‌లో ఉంటాను, పుట్టింది భీమవరం. ఇక్కడ గాల్వెస్టన్ బే దగ్గర చిన్న బోటు ఉంది, దాన్ని పికప్ ట్రక్కుకి తగిలించుకుని తీసుకెళ్తాం. నువ్వు అడిగినలాంటి, రెండింటికీ పనికొచ్చే జీపీఎస్ నిజంగానే ఉంది, నా దగ్గర ఉన్నది అదే, గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 276సీఎక్స్. 5 అంగుళాల స్క్రీన్, నీళ్ళకి ఐపీఎక్స్7, ట్రక్కులో పెడితే రోడ్డు మలుపులు చెప్తుంది, బోటులో పెట్టి మోడ్ మారిస్తే సముద్రం పేజీలు వస్తాయి. పనితనానికి వంక పెట్టలేను.

అయినా నీకు వద్దనే చెప్తాను. దానికి రోడ్డు మ్యాపు ఒకటి, సముద్రం చార్టు ఒకటి విడివిడిగా వేసుకోవాలి. ఇక్కడ నాకు అది కష్టం కాదు, అమెరికా తీరానికి నోవా అనే ప్రభుత్వ సంస్థ ఎలక్ట్రానిక్ చార్టులు ఉచితంగా ఇస్తుంది, కంపెనీల చార్టులు కూడా వాటి మీద ఆధారపడే చేస్తారు, ఈ బే లోతు తక్కువ, ఆల్చిప్పల దిబ్బలు ఎక్కువ, మధ్యలో హ్యూస్టన్ వెళ్ళే పెద్ద ఓడల కాలువ ఉంటుంది కాబట్టి చార్టు లేకుండా నడపలేం. మీ దగ్గర విశాఖ అన్న చెప్పినట్టు లోకం వేరే. ఇక్కడ కొన్న పరికరంలో ఉండే మ్యాపులు కూడా ఈ దేశానివే. 79ఎస్ కొంటే బాగానే ఉంటుంది, పక్కనే 79ఎస్‌సీ అని ఇంకొంచెం ఎక్కువ ధరకి కనపడుతుంది, ఎక్కువ పెడితే ఎక్కువ మంచిదని బావ అది తెచ్చేస్తారేమో, అందులో అదనంగా ఉండేది అమెరికా తీరం చార్టు, కాకినాడలో దానితో పనే లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది, దయచేసి బావకి ఈ రోజే ఫోన్ చేసి చెప్పు. శాటిలైట్ మెసేజ్ పంపే రకం ఇండియాకి అస్సలు తేవద్దు. గార్మిన్‌లో ఇన్‌రీచ్ అని పేరు ఉన్నవి, మోడల్ నంబరు చివర ఐ అక్షరం ఉన్నవి, 86ఐ, 66ఐ లాంటివి, అన్నీ అదే కోవ. ఇండియాలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, శాటిలైట్ కమ్యూనికేటర్ దగ్గర పెట్టుకోవడం నేరం. ఎయిర్‌పోర్టులో బ్యాగు స్కానింగ్‌లో దొరికి కేసులు అయిన విదేశీయులు ఉన్నారు, ట్రెక్కింగ్‌కి వచ్చిన వాళ్ళు, మామూలు మనుషులు. సెలవుకి వచ్చిన అక్కాబావ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగకూడదు. మామూలు జీపీఎస్‌కి ఈ ఇబ్బంది లేదు, అది శాటిలైట్ నుంచి వినడమే తప్ప పంపదు.

ఉప్పాడ_ఫైబర్:

అన్నా, ఇన్‌రీచ్ సంగతి చెప్పి మంచి పని చేశారు, బావ సరిగ్గా 86ఐ లింకే పంపారు నిన్న. చెప్పేశాను, ఆపేశారు.

ఇంకో రెండు డౌట్లు. ఆపద సమయంలో మెసేజ్ పంపడానికి మరి మాకేం దారి? రెండోది, పాత దాంట్లో ఉన్న పాయింట్లు కొత్త దాంట్లోకి ఎలా ఎక్కించాలి? నాన్నకి టెన్షన్ అంతా దాని గురించే. చిన్నాన్న ఒక నోటు పుస్తకంలో కొన్ని రాసుకున్నారు, కానీ వాటిని ఫోన్‌లో కొట్టి చూస్తే రెండు పాయింట్లు వేరే చోట చూపిస్తున్నాయి.

హార్బర్_ఎలక్ట్రికల్ (విశాఖ):

నోటు పుస్తకంలో పాయింట్లు వేరే చోట పడుతున్నాయంటే నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు అది రాసే పద్ధతిలో తేడా. బోటు వాళ్ళ జీపీఎస్‌లో ఎక్కువగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు ఉంటాయి, ఉదాహరణకి 16 డిగ్రీల 58.50 నిమిషాలు. దీన్ని ఎవరో 16 డిగ్రీల 58 నిమిషాల 50 సెకన్లు అని చదివారనుకో. నిజానికి 58.50 అంటే 58 నిమిషాల 30 సెకన్లే. 20 సెకన్ల తేడా వచ్చింది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు, కాబట్టి 20 సెకన్లు అంటే 600 మీటర్ల పైమాట. వల రాళ్ళ మీద పడటానికి అంత అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు చేపలు ఎక్కడ ఉండొచ్చో ఇచ్చే సమాచారంలో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఉంటాయి, అందుకని నాన్న పాయింట్లూ అవీ ఒకే పుస్తకంలో రాసుకుంటే ఈ గందరగోళం తప్పకుండా వస్తుంది. పుస్తకంలో ప్రతి పాయింటు పక్కన అది జీపీఎస్ నుంచి రాసిందా ఇన్‌కాయిస్ నుంచి రాసిందా అని చిన్నాన్నని అడిగి గుర్తు పెట్టు. జీపీఎస్ సెట్టింగుల్లో డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టే ఆధారం) డబ్ల్యూజీఎస్ 84 అని ఉందో లేదో కూడా చూడు, వేరేది ఉంటే ఇంకో రకం తేడా వస్తుంది.

పాత పరికరానికి కేబుల్ ఉంటే కంప్యూటర్‌కి తగిలించి బేస్‌క్యాంప్ అనే గార్మిన్ ప్రోగ్రాంతో పాయింట్లన్నీ జీపీఎక్స్ ఫైలుగా తీసుకోవచ్చు, అదే ఫైలు కొత్త దాంట్లో వేస్తే పేర్లతో సహా వచ్చేస్తాయి. మరీ పాతదైతే గుండ్రటి సాకెట్ కేబుల్ ఉంటుంది, అది దొరకడం కష్టం. దొరక్కపోతే స్క్రీన్ పూర్తిగా పోకముందే ఒక్కో పాయింటు తెరిచి ఫోన్‌తో ఫోటో తీయి. ఇది రేపటికి వాయిదా వెయ్యకు, ఆ నిలువు గీతలు వచ్చాక స్క్రీన్ ఎప్పుడు ఆరిపోతుందో చెప్పలేం, నాన్న ఇన్నేళ్ళ వేట అంతా అందులో ఉంది. తర్వాత నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టండి. ఏది రాయి, ఏది మునిగిన బోటు, ఏది వంజరం పాయింటు అని గుర్తులు ఆయన చెప్తేనే తెలుస్తుంది.

ఎక్కించేటప్పుడు పనిలో పని, చమురు, గ్యాస్ తీసే ఓఎన్‌జీసీ ప్లాట్‌ఫారాలు మీ వేట దారిలో ఏవి ఉన్నాయో అవి కూడా పెట్టు. చుట్టూ 500 మీటర్లు భద్రతా జోన్, లోపలికి పోకూడదు. ఆ దూరానికి కొంచెం ముందే మోగేట్టు అలారం పెట్టుకోవచ్చు, మెనూలో ప్రాక్సిమిటీ అని ఉంటుంది.

ఆపద సంగతి. దీనికి అమెరికా నుంచి ఏమీ తేనక్కర్లేదు. ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన కింద దేశంలో 1 లక్ష బోట్లకి ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు పెట్టే కార్యక్రమం 2024 ఆగస్టులో మొదలైంది. ఇస్రో తయారు చేసిన టెక్నాలజీ అది, నభ్‌మిత్ర అంటారు, టవర్ లేని చోట కూడా శాటిలైట్ ద్వారా రెండు వైపులా మెసేజ్ పోతుంది, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలుపుకోవచ్చు, తుపాను హెచ్చరిక తెలుగులో వస్తుంది. మీ ఫిషరీస్ ఆఫీసులో బోటు రిజిస్ట్రేషన్ కాగితాలతో వెళ్ళి మీ బోటు రకానికి ఇస్తున్నారా అని అడుగు, ఇవ్వకపోతే లిస్టులో పేరు రాయించు. ఇన్‌కాయిస్ వాళ్ళ జెమినీ అని ఇంకోటి ఉంది, 2019లో వచ్చింది, అది హెచ్చరికలు అందుకోవడానికి మాత్రమే, దాంట్లోంచి మనం పంపలేం. కోస్ట్ గార్డ్ నంబరు 1554, బోటులో పెయింటుతో రాయించు, ఒడ్డున మీ ఇంట్లో కూడా గోడ మీద రాసి పెట్టండి. ఒడ్డుకి దగ్గర్లో టవర్ అందినంత వరకు నాన్న చేస్తారు, అందకపోతే ఇంటి నుంచి మీరు చేస్తారు.

కళింగ_తీరం (శ్రీకాకుళం):

పైన అన్న చెప్పిన అలారం మాటకి నాది ఒకటి కలుపుతాను. మా ఊళ్ళ నుంచి వందల మంది గుజరాత్ వేరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద కలాసీలుగా, అంటే కూలి పనివాళ్ళుగా, పని చేస్తారు. 2018 నవంబర్‌లో మా జిల్లా, విజయనగరం వాళ్ళు పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డారు, 2020 జనవరిలో 20 మందిని వాఘా దగ్గర వదిలారు. ఏడాది పైగా ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎట్లా బతికారో కళ్ళారా చూసినవాణ్ణి.

ఆ బోట్లలో జీపీఎస్ లేదా అంటే ఉంటుంది. చేపలు అటువైపు ఉన్నప్పుడు బోటు నడిపే సరంగు, ఓనరు ఎంత దూరం పోవాలనుకుంటే అంత దూరం పోతారు, కలాసీకి స్క్రీన్ చూపించేవాడు ఉండడు. పైగా అక్కడ రెండు దేశాల మధ్య సముద్రపు గీత మీద ఒప్పందమే లేదు, స్క్రీన్ మీద గీత చూసి ఇంకా రెండు మైళ్ళు ఉంది కదా అనుకుంటే అవతలివాడి లెక్కలో అప్పటికే లోపలికి వచ్చినట్టు. నేను ఊళ్ళో కుర్రాళ్ళకి చెప్పేది ఒకటే, వేరావల్ వెళ్ళేటప్పుడు మీ ఫోన్‌లో జీపీఎస్ యాప్ ఒకటి పెట్టుకోండి, టవర్ లేకపోయినా అంకెలు చూపిస్తుంది, ఎక్కడున్నామో మీకు తెలియాలి. ఉప్పాడ తమ్ముడికి ఈ గొడవ లేదు, కానీ కొత్త జీపీఎస్ వచ్చాక చిన్నాన్నకి, బోటులో వచ్చే మిగతా వాళ్ళకి కూడా అది వాడటం నేర్పించు. ఒక్కరికే తెలిస్తే, ఆ ఒక్కరికి వాంతులో జ్వరమో వచ్చిన రోజు బోటులో ఉన్న అందరూ చీకట్లో ఉన్నట్టే.

ఉప్పాడ_ఫైబర్:

అందరికీ చాలా థాంక్స్ అండి. బావకి 79ఎస్ అని రాసి పంపాను, సీ అక్షరం వద్దని మరీ మరీ చెప్పాను. బండికి ఫోనే. నిన్న రాత్రి పాయింట్ల ఫోటోలు తీయడం మొదలుపెట్టాం, నాన్న ఒక్కో దాని దగ్గర ఆగి అక్కడ ఎప్పుడు ఏం పడిందో చెప్తుంటే తెల్లవారుజాము అయ్యింది, ఇంకా సగం ఉన్నాయి.

విశాఖ అన్నా, చివరిగా ఒకటి. దాన్ని బోటులో ఎక్కడ పెట్టుకోవాలి? నాన్న ఇప్పుడు ఇంజిన్ పక్కన చెక్క పెట్టెలో పెడతారు.

హార్బర్_ఎలక్ట్రికల్ (విశాఖ):

ఇంజిన్ పక్కన వద్దు. 79ఎస్‌లో లోపల దిక్సూచి కూడా ఉంటుంది, బోటు ఆగి ఉన్నప్పుడు కూడా దిక్కు చూపిస్తుంది, కానీ దగ్గర్లో పెద్ద ఇనుము, స్పీకర్ అయస్కాంతం ఉంటే తప్పు దిక్కు చూపిస్తుంది. పైగా పెట్టెలో పెడితే ఆకాశం కనపడదు. చుక్కాని పట్టుకునే మనిషి ఎదురుగా, ఇంజిన్‌కి కనీసం చేతికి రెండింతల దూరంలో, స్టాండ్ ఒకటి బిగించండి, తాడు కట్టి ఉంచండి. బిగించాక రేవులోనే దిక్సూచి కాలిబ్రేషన్ చెయ్యాలి, మెనూలో ఉంటుంది, చేత్తో పట్టుకుని మూడు వైపులా తిప్పమంటుంది. సెల్స్ మార్చినప్పుడల్లా మళ్ళీ చెయ్యాలి.

వేట నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడిగి, తుడిచి, వెనక సెల్స్ మూత తెరిచి ఆరబెట్టి అప్పుడు మూయండి. ఉప్పు లోపల ఉండిపోతే సెల్ తగిలే రేకులు పచ్చగా తుప్పు పడతాయి, మా దగ్గరికి రిపేరుకి వచ్చే వాటిలో సగానికి ఇదే జబ్బు. మిగతా పాయింట్లు ఎక్కించాక ఒకటి రెండు ఫోటోలు ఇక్కడ పెట్టు, అంకెలు సరిగ్గా పడ్డాయో లేదో చూసి చెప్తాను. పాయింటు మీ నాన్నది, అందుకని ఏదో ఒక రెండు అంకెలు చెరిపేసి పెట్టు.